గుట్టను 'నిరుపయోగం' అని రాస్తే: క్వారీ విస్తరణ ప్రజాభిప్రాయ సేకరణకు ఊరు ఎట్లా తయారు కావాలి

జనవరిలో ఒకరోజు మా పంచాయతీ కార్యదర్శి ఫోన్ చేసిండు. "అక్కా, క్వారీ వాళ్ల పుస్తకం వచ్చింది. నెల రోజులు ఆఫీసుల పెట్టమన్నరు. నువ్వొచ్చి సూడరాదు" అన్నడు.

మా ఊరు నల్లగొండ నుంచి దేవరకొండ పోయే దిక్కున ఉంటుంది. ఊరికి పడమర రాళ్ల గుట్ట, గుట్ట కింద కుంట, కుంట కింద మా బత్తాయి తోట. గుట్టకు ఒక పక్క పదేళ్లుగా కంకర క్వారీ, క్రషర్ నడుస్తున్నాయి. దాన్ని మూడింతలు చేస్తామని ఇప్పుడు దరఖాస్తు పెట్టారు. పుస్తకమంటే, క్వారీ పెంచితే చుట్టుపక్కల ఏమవుతుందో వాళ్లు రాయించిన రిపోర్టు. ఇంగ్లీషులో లావుగా ఉంది, వెంట పద్నాలుగు పేజీల తెలుగు సారాంశం. ఆఫీసు బల్ల మీదనే కూర్చుని చదివాను. నాలుగో పేజీలో ఒక వాక్యం: "ప్రతిపాదిత స్థలం నిరుపయోగమైన రాతి బంజరు."

ఆ గుట్ట మీద సీతాఫలాలు ఏరి, గంపలో పెట్టుకుని బస్టాండు దగ్గర అమ్మిన పైసలతో మా అత్త మా ఆయనకు పదో తరగతి పరీక్ష ఫీజు కట్టింది. ఆ వాక్యం చదివాక కొద్దిసేపు లేవలేకపోయాను.

నేను వకీలును కాను. అయిదేళ్లు వార్డు మెంబరుగా చేశాను, ఆరెకరాల తోట చూసుకుంటాను. ఆ నెల రోజుల్లో ఏం చేశామో, ఎక్కడ ఆలస్యం చేశామో రాస్తున్నా. ఇట్లాంటి పుస్తకం మీ ఊరికి వస్తే మీకు పనికొస్తుంది.

మొదట: మీ క్వారీకి ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టాలా, వద్దా

2006 సెప్టెంబర్ 14న కేంద్రం ఇచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారమే ఈ వ్యవహారమంతా నడుస్తుంది. చిన్న క్వారీలకు పర్యావరణ అనుమతి అవసరం లేదని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన తర్వాత 5 హెక్టార్లలోపు లీజుకు కూడా ఆ అనుమతి ఉండాల్సిందే. 5 హెక్టార్లు దాటితే ప్రభావ మదింపు రిపోర్టు తయారు చేయాలి, ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి.

మనకు హెక్టార్లలో చెప్తే తలకెక్కదు. 5 హెక్టార్లంటే 12 ఎకరాల 14 గుంటలు. మా గుట్ట మీద పాత లీజు 4 హెక్టార్లు, అంటే 9 ఎకరాల 35 గుంటలు. అందుకే అప్పుడు సభ జరగలేదు, ఊరికి తెలిసేలోపే మిషన్లు దిగాయి. ఇప్పుడు అడుగుతున్నది 12 హెక్టార్లు, 29 ఎకరాల 26 గుంటలు.

గుట్టను నాలుగేసి హెక్టార్ల ముక్కలు చేసి వేరువేరు పేర్ల మీద లీజులు అడిగినా, ఒక లీజు హద్దుకూ ఇంకో లీజు హద్దుకూ మధ్య 500 మీటర్ల కన్నా తక్కువ ఉంటే వాటిని ఒక గుంపుగా లెక్కేస్తారు. మొత్తం 5 హెక్టార్లు దాటితే సభ పెట్టాలి. కొన్ని పాత లీజులను ఈ లెక్కలోంచి మినహాయిస్తారు. కాబట్టి మీ గుట్ట మీద ఏ లీజును లెక్కలో వదిలేశారో, ఎందుకు వదిలేశారో రాతపూర్వకంగా అడగండి.

పుస్తకం చేతికి తెచ్చుకోవడం

సభకు కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి, ఒక జాతీయ పత్రికలో, ఒక తెలుగు పత్రికలో. ఆ రోజు నుంచి రిపోర్టు, తెలుగు సారాంశం కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో, గ్రామ పంచాయతీలో జనానికి అందుబాటులో ఉండాలి. పంచాయతీలో బీరువాలో పెట్టి తాళం వేస్తే అందుబాటులో ఉన్నట్టు కాదు. రెండుసార్లు అడిగినా చూపించకపోతే తేదీ, టైము వేసి దరఖాస్తు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. సభలో అదే మొదటి అభ్యంతరం అవుతుంది.

మేం తప్పు చేసింది ఇక్కడ. సమాచార హక్కు కింద పాత కాగితాలు అడుగుదామని పది రోజులు అనుకుంటూనే గడిపాం. జవాబు ఇవ్వడానికి వాళ్లకు 30 రోజుల గడువు ఉంది, ప్రకటన నుంచి సభకూ 30 రోజులే. పదకొండో రోజు దరఖాస్తు పెడితే సభ అయిపోయాక జవాబు వచ్చింది. ప్రకటన చూసిన రోజే పెట్టండి. ఇంకా మంచిది, మీ ఊళ్లో క్వారీ ఉంటే విస్తరణ మాట రాకముందే పెట్టి ఉంచండి. ఫీజు గ్రామ స్థాయి ఆఫీసుకు ఏం లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. పర్యావరణ అనుమతి పత్రాలైతే కేంద్రం నడిపే పరివేష్ వెబ్‌సైటులో దొరుకుతాయి. మా అక్క కొడుకు ఫోన్లోనే వెతికి తీసిండు.

అడగాల్సినవి: పాత పర్యావరణ అనుమతి, గనుల ప్రణాళిక, కాలుష్య మండలి సమ్మతి పత్రాలు, ఆరు నెలలకోసారి ఇచ్చే రిపోర్టులు, తహసీల్దార్ గనుల శాఖకు పంపిన రిపోర్టు. ఈ చివరిదాన్ని ఎవరూ పట్టించుకోరు. సర్కారు గుట్ట మీద లీజు అడిగితే గనుల శాఖ తహసీల్దారును అభిప్రాయం అడుగుతుంది. సర్వేయరు వచ్చి కొలిచి, పంచనామా రాసి, భూమి ఎట్లాంటిదో అందులో రాస్తారు. 'నిరుపయోగం' అన్న మాట మొదట పుట్టేది ఆ కాగితంలోనే, తర్వాత రిపోర్టులన్నీ దాన్ని చూసి రాసినవే. ఆ పంచనామా మీద మీ ఊరివాళ్ల సంతకాలు ఎవరివి ఉన్నాయో కూడా చూడండి. సర్వేలో పట్టా భూములు కలిస్తే నాలా మార్పిడి (సాగు భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడం) అయిందో లేదో చూడాలి. అసైన్డ్ భూమి కలిస్తే అది ఇంకా పెద్ద ప్రశ్న. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి చేతులు మారొద్దు.

నక్ష పట్టుకుని హద్దు నడవండి

రిపోర్టులో లీజు మూలల అక్షాంశ రేఖాంశాలు ఇస్తారు. ఊరి నక్ష ఒక కాపీ, ఫోన్లో మ్యాపు, కొలిచే టేపు పట్టుకుని మేం ఏడుగురం ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. వెంట డెబ్బై దాటిన గొల్ల పెద్దయ్యను తోలుకపోయాం. నక్షలో సన్నని గీతలాగా ఉన్నదాన్ని చూపించి "ఇదేంది తాతా" అంటే, "అది కట్టు కాలువ బిడ్డా, వాన పడితే గుట్ట నీళ్లన్నీ దాంట్లకెళ్లే కుంటకు దిగుతయి" అన్నడు. కొత్త లీజు హద్దు సరిగ్గా ఆ కాలువను మధ్యలో కోస్తుంది. రిపోర్టులో కాలువ ప్రస్తావనే లేదు. కుంట పేరు మాత్రం ఉంది, "ప్రభావం ఉండదు" అని రాశారు. నీళ్లొచ్చే దారిని తవ్వేసి కుంటకు ప్రభావం ఉండదనడం ఎట్లా కుదురుతుంది? కుంట నిండి మత్తడి దుంకితేనే మా తోటల బోర్లలో వేసవి దాకా నీళ్లుంటాయి. మా దిక్కు రాతి నేలల్లో నీళ్లు పై పొరలో, రాళ్ల పగుళ్లలోనే నిలుస్తాయి. లోతుకు పోయినకొద్దీ ఫ్లోరైడ్ భయం, అది నల్లగొండ జిల్లావాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి. "అతి దగ్గరి గ్రామం 1.2 కిలోమీటర్లు" అని ఉంది. కొలిచి చూస్తే, వాళ్లు ఊరి నడుమ బొడ్రాయి నుంచి కొలిచారు. ఎస్సీ కాలనీ ఊరికి పడమట ఉంది. అక్కడి చివరి ఇంటి గోడ నుంచి కొత్త హద్దు రాయికి మా టేపుతో 340 మీటర్లు వచ్చింది. మీరు కూడా రిపోర్టులో దూరాలు ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో తప్పకుండా చూడండి. బడి, అంగన్‌వాడీ, తాగునీటి ట్యాంకు, దగ్గరి బోరు, దగ్గరి ఇల్లు: ప్రతిదానికీ ఒక ఫోటో, ఒక దూరం రాసుకోండి.

గుట్ట లెక్క

అన్నిటికన్నా ఎక్కువ పని ఇది, ఎక్కువ ఫలితమూ దీనికే వచ్చింది. గుట్టను ఎవరు, ఏ నెలలో, దేనికి వాడుతున్నారో ఇల్లిల్లూ తిరిగి రాయాలి. మేం ఒక రూళ్ల పుస్తకంలో రాశాం. గొల్లకురుమలవి ఎన్ని మందలు, ఎన్ని జీవాలు, ఏ నెలల్లో గుట్ట మీద మేస్తాయి. గౌడ సంఘానికి ఆ సర్వే నంబర్లో ఎన్ని తాళ్లు, ఎన్ని ఈదులు, ఎంతమంది ఎక్కుతారు. దసరా దీపావళి మధ్య సీతాఫలాలు ఏరే ఆడవాళ్లు ఎవరెవరు, రోజుకు ఎన్ని గంపలు, ఎక్కడ అమ్ముతారు. బతుకమ్మకు తంగేడు, గునుగు ఎక్కడి నుంచి తెస్తారు.

మొదట్లో ఆడవాళ్లు చెప్పడానికి సిగ్గుపడ్డారు. "అదేం పనా అక్కా, ఊకె పోయి ఏరుకొస్తం" అన్నారు. పోయిన సీజన్లో ఎన్ని రోజులు పోయినవ్, గంపకు ఎంత పడ్డది అని ఒక్కొక్కటే అడిగితే, మాకే ఆశ్చర్యమయ్యే లెక్క వచ్చింది. దాని కింద ప్రతి ఒక్కరితో సంతకమో వేలిముద్రో పెట్టించాం. తాళ్లను ఫోటోలు తీసి, చెట్టు మీద సున్నంతో నంబరు వేశాం. ఆ లెక్కను గ్రామసభలో చదివించి, తీర్మానం పుస్తకంలో ఎక్కించాం. పర్యావరణ అనుమతిని గ్రామసభ తీర్మానం ఒక్కటే ఆపదు, ఆ సంగతి ముందే తెలుసుకోండి. కానీ నిరుపయోగం అని రాసినదానికి ఎదురుగా ఊరు రాసిన అధికారిక కాగితం ఒకటి ఫైల్లో ఉంటుంది. అనుమతి ఫైలును పరిశీలించే రాష్ట్ర స్థాయి కమిటీ దాన్ని దాటి పోవాలంటే కారణం రాయాలి.

పాత షరతులే మీ బలం

కొత్త క్వారీకీ విస్తరణకూ తేడా ఇక్కడే ఉంది. కొత్తదైతే "రేపు ఇట్లా చేస్తాం" అని వాళ్లు చెప్పేది వినాలి. విస్తరణ అయితే పాత అనుమతిలో ఏం చేస్తామన్నారో, పదేళ్లలో ఏం చేశారో మన కళ్లముందే ఉంది. పాత షరతులు ఎంతవరకు పాటించారో తనిఖీ చేసి ధ్రువీకరించిన రిపోర్టు విస్తరణ ఫైల్లో ఉండాలి. షరతుల పాటింపు మీద ఆరు నెలలకోసారి, జూన్ 1కి, డిసెంబర్ 1కి యాజమాన్యం రిపోర్టు ఇవ్వాలి.

పాత అనుమతి ప్రింటు తీసి, ఒక్కో షరతు పక్కన మేం చూసింది రాశాం. హద్దు చుట్టూ 7.5 మీటర్ల జాగ తవ్వకుండా వదిలి చెట్లు పెట్టాలి: తూర్పు పక్క తవ్వకం హద్దు రాయి దాకా వచ్చింది, చెట్లు పదకొండు. క్రషర్‌కు కప్పు, నీళ్లు చల్లే పైపులు ఉండాలి: పైపులు ఉన్నాయి, మేం పోయిన మూడు రోజుల్లో ఒక్కరోజూ నీళ్లు రాలేదు. టిప్పర్లకు టార్పాలిన్ కప్పాలి: ఇరవై బండ్లు లెక్కపెడితే ఆరింటికే ఉంది. ప్రతిదానికీ ఫోటో, తేదీ. "అసలు ఏమీ చేయట్లేదు" అని రాస్తే ఒక్క పైపు చూపించి మిమ్మల్ని అబద్ధాలకోరును చేస్తారు. ఉన్నది ఉన్నట్టే రాయండి. వాళ్లు బడికి ప్రహరీ కట్టించిన మాటా మేం రాశాం.

క్రషర్ దుమ్ముకు ఒక కొలత ఉంది. మిషన్‌కు 3 నుంచి 10 మీటర్ల దూరంలో గాలిలో దుమ్ము ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములు దాటొద్దు. ఊళ్లో గాలికి వేరే లెక్క, సన్న దుమ్ము 24 గంటల సగటు 100 మైక్రోగ్రాములు మించొద్దు. రిపోర్టులో దుమ్ము ఎక్కడ, ఏ నెలలో కొలిచారో చూడండి. మా దగ్గర ఊరికి తూర్పున కొలిచారు, క్వారీ ఉన్నది పడమర. బత్తాయి పూత మీదుండే జనవరి, ఫిబ్రవరిలో మా తోటలో ఒక్క ఆకును తడిబట్టతో తుడిస్తే బట్ట మీద బూడిదరంగు ముద్ద నిలుస్తుంది. ఆ బట్టను కవర్లో పెట్టి, మీద చెట్టు వరుస, తేదీ రాసి దాచాను.

టిప్పర్ల లెక్క మీరే వేయండి

రిపోర్టులో ఏడాదికి ఎన్ని టన్నులో రాస్తారు. రోడ్డు మీద అది ఎంతవుతుందో రాయరు. మాకు 3 లక్షల టన్నులు అని ఉంది. ఏడాదికి 300 పని దినాలు అనుకుంటే రోజుకు 1000 టన్నులు. టిప్పరుకు 25 టన్నులైతే 40 లోడ్లు. పోయేది, వచ్చేది కలిపి 80 సార్లు. పది గంటల పనిలో ఏడున్నర నిమిషాలకు ఒక టిప్పర్, 3.75 మీటర్ల వెడల్పున్న రోడ్డు మీద, బడి గేటు ముందు నుంచి. సభలో ఈ లెక్కను బడి పంతులు చదివాడు. అప్పటిదాకా అటూ ఇటూ మాట్లాడుకుంటున్న టెంటు మొత్తం సప్పుడు లేకుండా విన్నది.

పగుళ్లు, పేలుళ్ల పుస్తకం

"గోడలు పలుగుతున్నాయి" అంటే వాళ్లు "పునాది బాగలేదు" అంటారు. నిజంగానే కొన్ని పునాది పగుళ్లు ఉంటాయి, అందుకే తేదీ కావాలి. మా పడమటింటి కిటికీ మూల నుంచి పైకి ఒక సన్న పగులు పోతుంది. దాని కొస ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేశాను. మేస్త్రీ ఇంకో ఉపాయం చెప్పాడు: పగులు మీద అడ్డంగా సన్నటి గాజు ముక్క పెట్టి, రెండు కొసలూ సిమెంటుతో అతికించాలి. గోడ కదిలితే గాజు పలుగుతుంది. ఫిబ్రవరి 9న సాయంత్రం నాలుగున్నరకు పేలుడు అయింది. పోయి చూస్తే గాజు నడుమ చీలి ఉంది, పగులు నా గీత దాటి రెండు వేళ్ల పైకి పోయింది. కాలనీలో తొమ్మిది ఇళ్లలో ఇట్లనే చేశాం. ఒక పుస్తకంలో పేలుడు టైము, సైరన్ మోగిందా లేదా, రాళ్లు ఎగిరి ఎక్కడ పడ్డాయి అన్నది రాసే పని ఇంటర్ చదివే ఇద్దరు పిల్లలు తీసుకున్నారు.

గనుల భద్రత డైరెక్టరేట్ 1997లో పెట్టిన పరిమితి ప్రకారం మామూలు ఇళ్ల దగ్గర కంపనం 8 హెర్ట్జ్ కన్నా తక్కువ ఫ్రీక్వెన్సీలో సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటొద్దు. మనం కొలవలేం, మన దగ్గర మిషన్ ఉండదు. "మా కాలనీలో మిషన్ పెట్టి, మా ముందర కొలవండి" అని అడగడం మన వంతు.

రాసే తీరు, మాట్లాడే తీరు

మా సభకు ముందు పక్క మండలంలో ఇంకో క్వారీ సభకు పోయి వెనకాల నిలబడి చూశాను. జనం కోపంగా, నిజంగా మాట్లాడారు. మాట్లాడినవాళ్లు మాట్లాడినట్టే బస్సుకు టైమవుతుందని వెళ్లిపోయారు. చివర మినిట్స్, అంటే సభలో అన్న మాటలను అధికారులు రాసుకున్న కాగితం, చదివేటప్పటికి పదిహేను మంది ఉన్నారు. గంటన్నర మాట్లాడింది మూడు వాక్యాలైంది: రోడ్డు అడిగారు, ఉద్యోగాలు అడిగారు, దుమ్ము గురించి చెప్పారు. ఆ రాత్రి ఇంటికొచ్చి మా వాళ్లందరికీ చెప్పాను, మనం చివరిదాకా కూర్చోవాలి, అన్నం అక్కడికే తెచ్చుకుందాం అని.

సభకు కలెక్టర్ గానీ, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. ముగిసే ముందు, అక్కడ నమోదైన అభిప్రాయాలను తెలుగులో చదివి వినిపించాలి. కోరం అనేది లేదు, పదిమంది వచ్చినా సభ జరిగినట్టే. అందుకే బహిష్కరించి ఇంట్లో కూర్చోవడం నాకు నచ్చదు. మనం పోకపోతే "అభ్యంతరాలు రాలేదు" అన్నదే నిలుస్తుంది.

ప్రతి మనిషీ తన ఒక్క సంగతే చెప్పాలి, అదే కాగితం మీద రాసి రెండు కాపీలు ఇచ్చి ఒకదాని మీద ముద్ర వేయించుకోవాలి. కాలనీ చెల్లెలు ఒకామె ఇచ్చింది ఇట్లా ఉంది:

"నా ఇల్లు ఎస్సీ కాలనీలో చివరిది. కొత్త లీజు హద్దుకు 340 మీటర్లు. మీ రిపోర్టు 31వ పేజీలో దగ్గరి నివాసం 1.2 కిలోమీటర్లు అని ఉంది. అది తప్పు. నా ఇంటి ఫోటో, కొలత జత చేశాను. మా కాలనీలో దుమ్ము, కంపనం కొలిచి, ఆ లెక్క వచ్చేదాకా నిర్ణయం తీసుకోవద్దని కోరుతున్నాను."

ఎవరు, ఎక్కడ, ఏ పేజీ, నిజం ఏంది, ఏం కావాలి. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె జీవితంలో మైకు పట్టుకోవడం అదే మొదలు. చెయ్యి వణికింది, మాట వణకలేదు.

మినిట్స్ చదువుతున్నప్పుడు కట్టు కాలువ మాట రాలేదు. గొల్ల పెద్దయ్య లేచి, "సారూ, నేను చెప్పిన కాలువ ఏది?" అన్నడు. ఆపి, రాసి, మళ్లీ చదివారు. సంతకాలయ్యేదాకా మా ఊరివాళ్లు నూటిరవై మంది కూర్చున్నారు.

తర్వాత

మినిట్స్ కాపీ పంచాయతీలో పెట్టాలి, అడిగి తీసుకోండి. ఊరు చెప్పిన ప్రతి అభ్యంతరానికీ యాజమాన్యం జవాబు రాసి, రిపోర్టు సవరించి రాష్ట్ర స్థాయి పర్యావరణ మదింపు అథారిటీకి ఇవ్వాలి. ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో పరివేష్‌లో వారానికోసారి చూడండి. అనుమతి వస్తే, ఒప్పుకోలేని సంగతి ఉంటే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచికి 30 రోజుల్లో అప్పీలు చేయాలి. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు, అది దాటితే వినరు.

మా ఫైలు మీద కమిటీ అదనపు సమాచారం అడిగింది: కాలనీ దూరం, కాలువ, బడి ముందు రోడ్డు. సవరించిన రిపోర్టులో లీజు 12 నుంచి 9 హెక్టార్లకు తగ్గింది, కాలువకు ఇటు పక్కది వదిలారు. టిప్పర్లకు వేరే బాట చూపించారు. ఇంకా అనుమతి రాలేదు. నాలుగో పేజీలో వాక్యం ఇప్పుడిట్లా ఉంది: "ఈ స్థలాన్ని స్థానికులు గొర్రెల మేతకు, కల్లు గీతకు, సీతాఫలాల సేకరణకు వినియోగిస్తున్నారు." ఆ పేజీ జిరాక్స్ తీసి మా అత్తకు చదివి వినిపించాను. పేలుళ్ల పుస్తకం రెండోది మొదలుపెట్టాం, అది ఇప్పుడు పంచాయతీ ఆఫీసు బల్ల మీదనే ఉంటుంది.